రాంరెడ్డి గారి ప్లాను మీద నడుస్తున్న చదువు: ఇగ్నో సేవ ఎలా ఉంది?

ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)లో దూరవిద్య ద్వారా డిగ్రీ చేయాలనుకునే వాళ్లు ముందుగా అడిగేవి మూడే ప్రశ్నలు. సర్టిఫికెట్‌కు విలువ ఉంటుందా? పుస్తకాలు ఇస్తారా? క్లాసులు జరుగుతాయా? మా జవాబులు ఇవి. విలువ ఉంటుంది. పుస్తకాలు ఇస్తారు, బాగుంటాయి కూడా. క్లాసులు జరుగుతాయి, కానీ వాటిని నమ్ముకుని మాత్రం చేరకండి.

ఈ జవాబులు నిన్నమొన్నటి పరిస్థితిని బట్టి చెబుతున్నవి కావు. 1985లో ఆ విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా వెళ్లిన ప్రొఫెసర్ జి. రాంరెడ్డి గారు వేసిన ప్లానులోనే ఇవి ఉన్నాయి. మేస్త్రి కిటికీలు ఎటువైపు పెట్టాడో తెలిస్తే, ఏ గదిలో గాలి ఆడదో లోపలికి వెళ్లకుండానే చెప్పొచ్చు. ఈ సమీక్ష అలాంటిదే. సేవలో ఒక్కో భాగాన్నీ ఆయన ఎందుకు అలా పెట్టారో చూసుకుంటూ, అది ఇప్పుడు ఎంతవరకు పనిచేస్తోందో చెబుతాం.

ముందు ఆయన గురించి నాలుగు ముక్కలు. రాంరెడ్డి గారిది ప్రభుత్వ పాలనా శాస్త్రం. పంచాయతీరాజ్ మీద ఆయన చేసిన పరిశోధనకు దేశంలో పేరుంది. 1977 నుంచి 1982 దాకా ఉస్మానియా ఉపకులపతి. ఆ తర్వాత భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉండగా, 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. దానికి తొలి ఉపకులపతి కూడా ఆయనే. 1991లో అంబేడ్కర్ పేరు పెట్టుకున్నది ఈ విశ్వవిద్యాలయమే. ఇక్కడ మూడేళ్లు నడిపి చూసిన నమూనాను 1985లో ఢిల్లీ తీసుకెళ్లి ఇగ్నోగా పెంచారు. 1989 దాకా అక్కడున్నారు. 1991 నుంచి 1995లో చనిపోయేదాకా విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) ఛైర్మన్. అంటే హైదరాబాద్‌లో చదివినా, ఢిల్లీ పుస్తకం తెప్పించుకుని చదివినా మనం ఆయన గీసిన గీతల మీదే నడుస్తున్నాం.

అంతకుముందు మన దగ్గర దూరవిద్య లేదని కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో, ఉస్మానియా 1977లో కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టాయి. ఉస్మానియాలోని ఆ కేంద్రానికి తర్వాత రాంరెడ్డి గారి పేరే పెట్టారు. కానీ కరస్పాండెన్స్ అంటే కాలేజీ సిలబస్‌కు నోట్సు రాసి పోస్టులో పంపడం. అది కాలేజీ చదువుకు పేద చుట్టం లాంటిది. ఓపెన్ యూనివర్సిటీ అలా కాదు. పాఠం రాసే తీరు, పరీక్ష పెట్టే తీరు, చేర్చుకునే తీరు అన్నీ ఇంట్లో కూర్చుని చదివేవాళ్ల కోసమే మొదటి నుంచి విడిగా తయారవ్వాలి. 1971లో విద్యార్థులను చేర్చుకోవడం మొదలుపెట్టిన బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ దీనికి దారి చూపింది. ఆ నమూనాను టీవీ కూడా లేని ఊళ్లకు సరిపడేలా మార్చడమే ఇక్కడ జరిగిన అసలు పని.

పుస్తకం దగ్గర నుంచి మొదలుపెడదాం. మీరు కట్టే ఫీజులో సగానికి పైగా విలువ దీనిదే అని మా లెక్క. ఇగ్నో పుస్తకాన్ని బ్లాక్ అంటారు, అందులోని పాఠాన్ని యూనిట్ అంటారు. ఏ బ్లాకైనా తెరిచి మొదటి పేజీలు చూడండి. పాఠం రాసినవాళ్ల పేర్లు, విషయాన్ని సరిచూసిన సంపాదకుల పేర్లు, కోర్సు సమన్వయకర్త పేరు కనిపిస్తాయి. ఒక మాస్టారు రాసి సంతకం పెట్టిన నోట్సు కాదది, బృందం పని. రాసేవాళ్లు తరచూ బయటి విశ్వవిద్యాలయాల అధ్యాపకులు. లోపలి వాళ్లు దాన్ని ఇంట్లో చదువుకునే రూపంలోకి తిప్పుతారు. అందుకే ఏ యూనిట్ తీసినా ఒకే అమరిక. ముందు ఉద్దేశాలు, తర్వాత ప్రస్తావన, మధ్యమధ్యలో 'మీ ప్రగతిని పరీక్షించుకోండి' అంటూ ఖాళీ గీతలతో ప్రశ్నలు, చివర సారాంశం, ముఖ్యపదాలు, ఆ ప్రశ్నలకు జవాబులు. పక్కన మాస్టారు లేని లోటును ఆ ఖాళీ గీతలు తీరుస్తాయి. చాలామంది వాటిని దాటేసి సారాంశానికి వెళ్లిపోతారు. ట్యూషన్ ఫీజు కట్టి క్లాసు ఎగ్గొట్టినట్టు!

పుస్తకంలో లోపం లేదా అంటే ఉంది. బృందం రాసిన పుస్తకాన్ని మార్చాలన్నా బృందం కూర్చోవాలి. చరిత్ర, రాజనీతి సిద్ధాంతం లాంటి వాటికి ఇది పెద్ద ఇబ్బంది కాదు. పన్నులు, కంప్యూటర్లు, కంపెనీ చట్టం లాంటి కోర్సుల్లో మాత్రం బ్లాక్ ముద్రించిన సంవత్సరం చూసుకోవాలి. జీఎస్టీ వచ్చింది 2017 జూలైలో. అంతకుముందు రాసిన పరోక్ష పన్నుల యూనిట్ పరీక్షకు పనికొస్తుందేమో గానీ ఉద్యోగానికి పనికిరాదు. మొత్తం మీద పుస్తకానికి మేమిచ్చేది 5కు నాలుగున్నర.

అచ్చు పుస్తకాలు వద్దు, సాఫ్ట్ కాపీ చాలు అంటే ప్రోగ్రామ్ ఫీజులో 15 శాతం తగ్గిస్తారు. పాఠాలు ఈజ్ఞాన్‌కోశ్ వెబ్‌సైట్లో ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు కాబట్టి ఈ తగ్గింపు లాభంగానే కనిపిస్తుంది. రెండేళ్ల ఎంఏకు ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో చదివే అలవాటు ఉన్నవాళ్లకు సరే. డిగ్రీలో కొత్తగా చేరేవాళ్లు అచ్చు పుస్తకాలే తీసుకోవడం మంచిది. ఖాళీ గీతల్లో పెన్నుతో రాయకపోతే పైన చెప్పిన మేలు దక్కదు. పార్సిల్ ఆలస్యమైతే ఆ లోపు పీడీఎఫ్‌తో నడిపించండి. పుస్తకం రాలేదని అసైన్‌మెంట్ గడువు పెంచరు.

తర్వాత క్రెడిట్లు. ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. పాఠం చదవడం, ప్రశ్నలకు జవాబులు రాయడం, క్లాసుకు వెళ్లడం, అసైన్‌మెంట్ రాయడం అన్నీ ఆ గంటల్లోనివే. దీన్ని ప్రాస్పెక్టస్‌లో చదివి వదిలేయకుండా గుణించి చూడండి. ఏడాదికి 40 క్రెడిట్లు తీసుకుంటే 1200 గంటలు. రోజూ చదివితే దాదాపు మూడుంబావు గంటలు, ఆదివారాలు, పండగలతో కలిపి. ఏడాదికి 32 క్రెడిట్ల ఎంఏ అయితే 960 గంటలు, రోజుకు రెండున్నర గంటల పైమాటే. ఎనిమిది గంటల ఉద్యోగం, గంటన్నర బస్సు ప్రయాణం ఉన్నవాళ్లకు ఇది అయ్యే పని కాదు. ప్లాను వేసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే గడువులో అంత వెసులుబాటు పెట్టారు. మూడేళ్ల డిగ్రీకి ఆరేళ్లు, రెండేళ్ల ఎంఏకు నాలుగేళ్లు. ఈ వెసులుబాటును ఫెయిలైనవాళ్లకు చూపే దయ అనుకోవద్దు. పనిచేసుకుంటూ చదివేవాళ్లకు అసలు గడువు అదే. ఎంఏను మూడేళ్లకు పరిచి చదివితే రోజుకు గంటా ముప్పావుతో సరిపోతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఇంకొకటి ఉంది. మొదటి ఏడాది పాసవకపోతే రెండో ఏడాదికి పంపరేమోనని ఆగిపోతారు. అలాంటిదేమీ లేదు. ఒక్క పేపర్ కూడా పాసవకపోయినా రెండో ఏడాదికి రీ-రిజిస్ట్రేషన్ చేసుకోవచ్చు. దానికి వేరే గడువు, వేరే ఫీజు ఉంటాయి. పరీక్ష ఫీజు కట్టేశాం కదా అని ఊరుకుంటే ఆ ఏడాది పోయినట్టే. పరీక్ష ఫారం వేరు, రీ-రిజిస్ట్రేషన్ ఫారం వేరు. ఈ రెండు తేదీలూ క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో రాసుకోండి.

ఇప్పుడు బలహీనమైన గది దగ్గరికి వద్దాం. ఇగ్నో నిర్మాణాన్ని కాగితం మీద గీస్తే మూడంచెలు కనిపిస్తాయి. పైన ఢిల్లీ మైదాన్ గఢీలోని ప్రధాన కేంద్రం, మధ్యలో ప్రాంతీయ కేంద్రాలు, కింద అధ్యయన కేంద్రాలు. తెలుగువాళ్లకు దగ్గరగా ఉన్న ప్రాంతీయ కేంద్రాలు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం. జిల్లా పరిషత్తు, సమితి, పంచాయతీల మీద ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి విశ్వవిద్యాలయానికీ మూడంచెలే పెట్టారంటే మాకు ఆశ్చర్యం వేయదు. (ఇది మా ఊహ మాత్రమే.) పంచాయతీరాజ్‌లో వచ్చే చిక్కే ఇక్కడా వచ్చింది. అధికారం, డబ్బు, సిబ్బంది పై అంచెల్లో ఉంటాయి. జనం వచ్చేది కింది అంచెకు.

అధ్యయన కేంద్రం అంటే విశ్వవిద్యాలయం సొంత భవనం కాదు, ఏదో ఒక డిగ్రీ కాలేజీలో గది. సమన్వయకర్త ఆ కాలేజీ అధ్యాపకుడు. చదువులో సందేహాలు తీర్చే కౌన్సిలర్లు చుట్టుపక్కల కాలేజీల వాళ్లు. సెలవు రోజుల్లో వచ్చి చెప్పి, గౌరవ పారితోషికం తీసుకుని వెళతారు. రాంరెడ్డి గారు దీన్ని తెలిసే ఎంచుకున్నారు. ఆదివారం తాళం వేసి ఉండే ప్రభుత్వ కాలేజీ భవనాలు, ల్యాబులు, అధ్యాపకులు ఉండగా కొత్తవి కట్టడం దండగ. ఆ లెక్కే లేకపోతే 1987లో రెండు డిప్లొమాలతో, 4,528 మందితో చదువు మొదలుపెట్టిన సంస్థ ఇవాళ లక్షల మందికి చేరేది కాదు. కానీ అరువు తెచ్చుకున్న చేతులతో వచ్చే చిక్కు అరువుదే. కాలేజీలో సొంత పరీక్షలో, ఎన్నికల డ్యూటీలో వస్తే కౌన్సెలింగ్ వెనక్కి పోతుంది. మీ సబ్జెక్టులో ఆ కేంద్రంలో చేరింది ఐదారుగురే అయితే క్లాసులు దాదాపు ఉండవు.

మరో సంగతి, దీన్ని క్లాసు అనుకుని వెళితే నిరాశే. కౌన్సెలింగ్ అంటే పాఠం మొదటి నుంచి చెప్పడం కాదు, చదివి వచ్చినవాళ్ల సందేహాలు తీర్చడం. చదవకుండా వెళ్లి కూర్చుంటే రెండు గంటలూ వృథా. ఆర్ట్స్, కామర్స్ థియరీ కోర్సుల్లో దీనికి హాజరు తప్పనిసరి కాదు. సైన్స్ ప్రాక్టికల్స్‌కు మాత్రం హాజరు కావాల్సిందే. ఈ సేవకు 5కు రెండున్నర, అదీ జనం బాగా చేరే ప్రోగ్రామ్‌లు ఉన్న పట్టణ కేంద్రాలకు.

కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు ఇంటికి దగ్గర అన్నదొక్కటే చూడకండి. మీ ప్రోగ్రామ్ ఆ కేంద్రంలో నడుస్తోందా, సైన్స్ అయితే ల్యాబ్ ఉందా, సమన్వయకర్త ఏ రోజు ఏ వేళకు కూర్చుంటారు అన్నవి ఫోన్ చేసి కనుక్కోండి. దరఖాస్తులో కేంద్రం కోడ్ నింపాక మార్చుకోవచ్చు గానీ, ఆ మార్పు జరిగే నెలల్లో మీ అసైన్‌మెంట్లు పాత కేంద్రానికి వెళ్లాలా కొత్తదానికి వెళ్లాలా అన్న గందరగోళం పట్టుకుంటుంది.

అసైన్‌మెంట్ల గురించి ఇంకాస్త వివరంగా చెప్పాలి. మొత్తం సేవలో ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే, చేతికందే లాభాన్ని వదులుకునేదీ ఇక్కడే. చాలా ప్రోగ్రామ్‌లలో అసైన్‌మెంట్‌కు 30 శాతం, పరీక్షకు 70 శాతం. రెండింటిలో విడివిడిగా పాసవ్వాలి. డిగ్రీకి 35, పీజీకి 40. ఇద్దరు విద్యార్థులను తీసుకోండి, ఇద్దరికీ పరీక్షలో 35 మార్కులే. ఒకరికి అసైన్‌మెంట్‌లో 40 వస్తే అందులో 30 శాతం 12, పరీక్షలో 70 శాతం 24.5, మొత్తం 36.5. మరొకరికి 90 వస్తే 27, దానికి అదే 24.5 కలిపితే 51.5. పరీక్ష హాల్లో మూడు గంటలు చెమటోడ్చినా రాని 15 మార్కులు ఇంట్లో పుస్తకం ముందు పెట్టుకుని రాసిన కాగితాల మీద వచ్చాయి. పైగా ఒకసారి పాసైన అసైన్‌మెంట్‌ను మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయనివ్వరు. ఏదో పాసైతే చాలన్నట్టు రాసి పంపితే ఆ మార్కే జీవితాంతం.

రాసేటప్పుడు పాటించాల్సినవి ఇవి. మీరు చేరిన సెషన్‌కు వర్తించే ప్రశ్నపత్రమే దించుకోవాలి. పాత ఏడాది ప్రశ్నలకు రాసినవి చెల్లవు. ఏ4 కాగితం మీద చేత్తో రాయాలి. ఒక్కో కోర్సుకు విడిగా కుట్టాలి. పై పేజీలో పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, ప్రోగ్రామ్ కోడ్, కోర్సు కోడ్, అధ్యయన కేంద్రం కోడ్, తేదీ ఉండాలి. బ్లాక్‌లోని వాక్యాలు దించకండి. ప్రశ్న ఏ యూనిట్ నుంచి వచ్చిందో చూసి, దాన్ని చదివి, పుస్తకం మూసి రాయండి. బజారులో దొరికే 'సాల్వ్డ్ అసైన్‌మెంట్లు' కొని ఎత్తిరాసేవాళ్లు చాలామంది. ఒకే కేంద్రానికి ఒకే జవాబు ఇరవై కట్టల్లో వస్తే దిద్దే మనిషికి తెలియకుండా ఉంటుందా?

ఇచ్చాక రసీదు తీసుకోవాలి. పోస్టులో పంపితే స్పీడ్ పోస్టు రసీదు, ఆన్‌లైన్‌లో ఎక్కించమని మీ ప్రాంతీయ కేంద్రం చెబితే ఆ స్క్రీన్ కాపీ. రాసిన ప్రతి పేజీకీ ఫొటో తీసి పెట్టుకోండి. ఎందుకంటే మార్కు మీ గ్రేడ్ కార్డులోకి చేరాలంటే కౌన్సిలర్ దిద్దాలి, కేంద్రం ఎక్కించాలి, ప్రాంతీయ కేంద్రం చూడాలి, ఢిల్లీలో నమోదవ్వాలి. నాలుగు చేతులు మారుతుంది. ఏ చేతి దగ్గర ఒక అంకె తప్పినా, కోర్సు కోడ్ మారినా గ్రేడ్ కార్డులో ఆ గడి ఖాళీగానే ఉంటుంది. పరీక్ష ఫలితాలు వచ్చి రెండు నెలలైనా గడి నిండకపోతే ముందు అధ్యయన కేంద్రాన్ని, తర్వాత ప్రాంతీయ కేంద్రాన్ని రసీదుతో కలవండి. నేరుగా ఢిల్లీకి మెయిల్ పెట్టి కూర్చుంటే అది తిరిగి కిందికే వస్తుంది. రసీదు లేనివాళ్లకు మళ్లీ రాయడం తప్ప దారి దొరకడం కష్టం.

పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో. ఇటీవలి సెషన్లలో థియరీ కోర్సుకు 200 రూపాయలు కట్టించుకుంటున్నారు. గడువు దాటితే అపరాధ రుసుము గట్టిగానే ఉంటుంది. అసైన్‌మెంట్ పాసై పరీక్ష తప్పితే, మళ్లీ పరీక్ష ఒక్కటే రాస్తే చాలు. మొదటి ఏడాది మిగిలినవీ రెండో ఏడాదివీ కలిపి ఫారం నింపేటప్పుడు టైమ్‌టేబుల్ పక్కన పెట్టుకోండి. రెండు పేపర్లు ఒకే రోజు ఒకే పూట పడితే ఒకటి వదులుకోవాలి, కట్టిన డబ్బు కూడా.

భాష విషయంలో తెలుగు విద్యార్థికి ఇగ్నో సరిపోదు. డిగ్రీ పాఠాలు ప్రధానంగా ఇంగ్లీషు, హిందీల్లోనే. తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివి వచ్చినవాళ్లకు రాంరెడ్డి గారి మొదటి విశ్వవిద్యాలయమే నయం. అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ తెలుగు పుస్తకాలు ఎంత గట్టివో తెలియాలంటే గ్రూప్స్‌కు చదివేవాళ్లను అడగండి. అక్కడ చేరనివాళ్ల టేబుళ్ల మీద కూడా తెలుగు అకాడమీ పుస్తకాల పక్కన అవే ఉంటాయి. డిగ్రీ స్థాయి రాజనీతిని, అర్థశాస్త్రాన్ని మాస్టారు లేకుండా తెలుగులో చదివి అర్థం చేసుకోగలిగేలా రాయించడం ఆ తొలి ఏళ్లలో పడిన పునాది. ఆయన వదిలిపెట్టిన వాటిలో మాకు అన్నింటికన్నా పెద్దదిగా కనిపించేది అదే. అయితే రాష్ట్రం విడిపోయాక ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి గడువు 2024 జూన్ 2తో ముగిసింది కాబట్టి, ఆంధ్రప్రదేశ్‌లో ఉండేవాళ్లు ఆ ఏడాది ప్రవేశ నోటిఫికేషన్ చూసి, తమకు అవకాశం ఉందని ఖాయం చేసుకున్నాకే ముందుకు వెళ్లాలి.

అదే పునాదిలో ఇంకొక రాయి ఉండేది. బడి చదువు పూర్తి చేయనివాళ్లు కూడా ప్రవేశ పరీక్ష రాసి నేరుగా డిగ్రీలో చేరే దారి. హైదరాబాద్ నమూనాలో నిజంగా 'ఓపెన్' అనదగ్గది అదే. తర్వాత వచ్చిన నిబంధనలు దాన్ని ఇరుకు చేస్తూ వచ్చాయి. ఇంటర్ లేనివాళ్లు ఎవరో చెప్పిన పాత మాట నమ్మి డబ్బు కట్టకుండా, ముందు ఓపెన్ స్కూల్ ద్వారా ఇంటర్ పూర్తి చేయడం క్షేమం.

విలువ సంగతి చెప్పి ముగిస్తాం. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం దూరవిద్యలో ఇచ్చిన డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబర్‌లో మరోసారి స్పష్టం చేసింది. ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయం లాంటివి దూరవిద్యలో ఇవ్వకూడదు. ఎవరైనా ఇస్తామంటే పారిపోండి. చేరడానికి ఇప్పుడు రెండు నంబర్లు ముందే ఉండాలి. విద్యార్థి క్రెడిట్లు జమయ్యే ఆన్‌లైన్ ఖాతా అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ ఒకటి, దానితో తీసుకునే యూజీసీ దూరవిద్యా విభాగం (డెబ్) ఐడీ రెండోది. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో పేరు ఒకేలా లేకపోతే ఇక్కడే ఆగిపోతారు. ప్రవేశాల గడువు చివరి వారం దాకా ఉంచుకోవద్దు.

ఫీజు కట్టే ముందు ఒక పని చేయండి. ఈజ్ఞాన్‌కోశ్ నుంచి మీరు చేరాలనుకునే కోర్సులో మధ్యలోది ఏదో ఒక యూనిట్ దించుకోండి. మొదటిది వద్దు, అది ఎప్పుడూ తేలికగానే ఉంటుంది. గడియారం పెట్టుకుని చదివి, ఖాళీ గీతల్లో జవాబులు రాయండి. నాలుగు క్రెడిట్ల కోర్సుకు 120 గంటలు. అందులో పదహారు నుంచి ఇరవై యూనిట్లు ఉంటే ఒక్కోదానికి ఆరు నుంచి ఏడున్నర గంటలు పడుతుంది. ఆ గంటలు మీకు ఒకే వారంలో దొరికి, రాసిన జవాబులు యూనిట్ చివరి జవాబులతో చాలావరకు కలిస్తే ఫారం నింపండి. పది రోజులైనా యూనిట్ సగంలోనే ఉంటే తక్కువ క్రెడిట్లున్న సర్టిఫికెట్ కోర్సు ఏదైనా చూసుకోండి.